ప్లానింగ్ నుంచి మార్కెట్‌కు మారుతున్న దేశంలో మేనేజ్‌మెంట్ చదువును మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ధరలూ ఉత్పత్తి లక్ష్యాలూ ప్రభుత్వమే నిర్ణయించే పద్ధతి నుంచి మార్కెట్ వైపు మారుతున్న ఒక దేశంలో, ఒక పాత ప్రభుత్వ విశ్వవిద్యాలయం తన మేనేజ్‌మెంట్ కోర్సులను తిరగరాయడానికి మిమ్మల్ని సలహాదారుగా పిలిచింది. పాశ్చాత్య ఎంబీఏ సిలబస్ తెచ్చి పెట్టడమా, ఉన్న టీచర్లకే శిక్షణ ఇవ్వడమా, విడిగా కొత్త బిజినెస్ స్కూల్ తెరవడమా అని అడిగారు. ఎన్నేళ్లు పడుతుందని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. సిలబస్‌ను చివరికి ఉంచండి. టీచర్లతో మొదలుపెట్టండి. విద్యార్థుల్లో కూడా ఇరవై ఏళ్ల పిల్లలకన్నా ముందు, ఇప్పటికే సంస్థలు నడుపుతున్న మేనేజర్లను తీసుకోండి. సంస్థ విషయానికొస్తే, పాత విశ్వవిద్యాలయానికి అనుబంధంగానే ఉంటూ జీతాలు, అడ్మిషన్లు, కోర్సుల విషయంలో సొంతంగా నిర్ణయం తీసుకోగల చిన్న యూనిట్ పెట్టించండి. సిలబస్ ఆరు నెలల్లో మారుతుంది. చదువు మారడానికి పదేళ్లు వేసుకోండి.

ఇలాంటి దేశాల్లో మేనేజ్‌మెంట్ టీచర్లకు శిక్షణ ఇవ్వడం, కోర్సులు సమీక్షించడం నా వృత్తి. కాబట్టి నేను చెప్పేది తరగతి గది వైపు నుంచి వస్తుంది. ఆర్థిక శాఖ వైపు నుంచి చూసేవాళ్లు ఇంకోలా చెప్పొచ్చు, వాళ్లనూ వినండి.

ముందు, వాళ్లకు తెలిసిందేమిటో తెలుసుకోండి

బయటి సలహాదారులు చాలామంది "వీళ్లకు మేనేజ్‌మెంట్ తెలియదు" అనుకుని విమానం దిగుతారు. సోవియట్ కాలపు ఫ్యాక్టరీ డైరెక్టర్‌నే తీసుకోండి. ఆయనకు లక్ష్యం కేంద్ర ప్రణాళికా సంఘమైన గోస్‌ప్లాన్ నుంచి మంత్రిత్వ శాఖ మీదుగా వచ్చేది. ముడిసరుకు గోస్‌స్నాబ్ అనే ప్రభుత్వ సరఫరా సంఘం కేటాయించేది. ధర పైనే ఖాయమయ్యేది. ఆ చట్రంలో ఆయన నేర్పంతా లక్ష్యాన్ని వీలైనంత తక్కువకు ఒప్పించుకోవడంలో, ముడిసరుకు వీలైనంత ఎక్కువ రాబట్టుకోవడంలో ఉండేది. ఆగిపోయిన సరఫరాలను కదిలించుకు రావడానికి 'టోల్కాచ్'లు అనే మనుషులు ఊళ్లు పట్టుకు తిరిగేవాళ్లు. బేరమాడడం, సామాను లేకుండా పని నడిపించడం, యంత్రాన్ని అర్థం చేసుకోవడం, వీటిలో ఆ తరం మేనేజర్లు ఎవరికీ తీసిపోరు.

వాళ్లకు ఎప్పుడూ ఎదురుకాని పరిస్థితి ఒకటుంది: కొనేవాడు వద్దనడం. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నై ఈ వ్యవస్థ మొత్తాన్ని కొరత అనే కోణం నుంచి వివరించారు. సంస్థ నష్టపోయినా రాజ్యం ఆదుకుంటుందన్న భరోసా, అంటే ఆయన మాటల్లో 'సాఫ్ట్ బడ్జెట్', ఎలాంటి అలవాట్లను పెంచుతుందో చూపించారు. కొరత ఉన్నచోట అమ్మకం అనే పనే ఉండదు, పంపిణీ చేస్తే చాలు. నష్టానికి శిక్ష లేనిచోట ఫైనాన్స్ అంటే లెక్కలు రాసి పైకి పంపడమే. అందుకే విశ్వవిద్యాలయాల్లో మార్కెటింగ్, ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు మనం అనుకునే అర్థంలో దాదాపు లేవు. యంత్ర నిర్మాణ ఆర్థికశాస్త్రం, రవాణా ఆర్థికశాస్త్రం అంటూ పరిశ్రమకొక డిపార్ట్‌మెంట్ ఉండేది.

మొదటి తరగతిలో నేను తరచూ చేయించే ఒక పని చెబుతాను. మీ గోదాములో ఉన్న సరుకు ఎన్ని రోజులకు సరిపోతుందో లెక్కగట్టుకు రండి అంటాను. పెద్ద అంకె తెచ్చిన మేనేజర్ గర్వంగా చెబుతాడు. పాత పద్ధతిలో నిండిన గోదాము అంటే మంచి మేనేజర్ అనే అర్థం, రేపు సరఫరా ఆగినా ఫ్యాక్టరీ ఆగదు. అదే నిల్వను డబ్బులోకి మార్చి, దానికి బ్యాంకు వడ్డీ కట్టి, ఆ వడ్డీని ఆ ఏడాది జీతాల బిల్లు పక్కన బోర్డు మీద రాస్తాను. ఆ తర్వాత వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ పని నడవడానికి ఇరుక్కుపోయే డబ్బు గురించి నేను పెద్దగా చెప్పాల్సింది మిగలదు, వాళ్లే అడుగుతారు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, ఆ మేనేజర్ నిన్నటిదాకా చేసింది మూర్ఖత్వం కాదని తరగతిలో అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ వ్యవస్థలో అదే సరైన నిర్ణయం. ఈ ఒక్క మాట అనకపోతే నలభై దాటిన వాళ్లెవరూ మళ్లీ నోరు విప్పరు.

చట్టం తోడైతే ఇదే పాఠం ఇంకా వేగంగా ఎక్కుతుంది. హంగరీలో 1992 మొదట్లో అమల్లోకి వచ్చిన దివాలా చట్టం, 90 రోజులు దాటిన బాకీ ఉంటే సంస్థ అధిపతే కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలంది. వేల సంస్థలు దరఖాస్తులు పెట్టాయి. అంత కఠినంగా ఉండడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, ఆ నిబంధనను మరుసటి ఏడాదే తీసేశారు కూడా. కానీ అలాంటి చట్టం ఉన్న చోట నగదు రాకపోకల క్లాసుకు హాజరు అడిగే అవసరం ఉండదు. దీనికి ఎదురు ఉదాహరణ 1990ల రష్యా. అక్కడ 1998 నాటికి పరిశ్రమల అమ్మకాల్లో దాదాపు సగం సరుకుకు సరుకు మార్పిడిగానే జరిగాయి, జీతాల బకాయిలు నెలల తరబడి పేరుకున్నాయి. అలాంటి చోట మేనేజర్‌కు పాశ్చాత్య పుస్తకంలోని పెట్టుబడి విలువ సూత్రం చెబితే మర్యాదగా తల ఊపి వెళ్లిపోతాడు. మార్పిడిలో వచ్చిన సిమెంటుకు అసలు విలువ ఎంత కట్టాలి అన్నది ఆయన సమస్య. దాంతో మొదలుపెడితే సూత్రం దాకా తీసుకెళ్లొచ్చు. ముందే సూత్రం చెబితే సమస్య దాకా రాలేం.

సిలబస్ ఎందుకు చివరిది

సిలబస్ మార్చడం అన్నిటికంటే తేలికగా, ముందుగా జరిగిపోతుంది కాబట్టి. పేర్లు మార్చడానికి ఖర్చు లేదు. బుడాపెస్ట్‌లోని కార్ల్ మార్క్స్ ఆర్థికశాస్త్ర విశ్వవిద్యాలయం 1990లో మార్క్స్ పేరు వదిలేసింది. వార్సాలోని కేంద్ర ప్రణాళిక, గణాంక విద్యాలయం 1991లో తన పాత పేరుకు తిరిగి వెళ్లింది, ఇంగ్లిష్‌లో దాన్ని వార్సా స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ అంటారు. ఈ రెండూ పేరుతో ఆగలేదు, నిజంగా మారాయి. పేరు దగ్గరే ఆగిపోయినవి చాలా ఎక్కువ. రాజకీయ అర్థశాస్త్రం చెప్పే డిపార్ట్‌మెంట్ రాత్రికి రాత్రి 'మేనేజ్‌మెంట్ సిద్ధాంతం' డిపార్ట్‌మెంట్ అయిపోవడం, అదే మనిషి అవే నోట్సును కొత్త శీర్షికతో చదవడం ఆ ఏళ్లలో మామూలే.

దీన్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన అతి తేలికైన దారి: సిలబస్ అడగకండి, గత రెండేళ్ల పరీక్ష పేపర్లు అడగండి. ఒక చోట నాకు చూపించిన సిలబస్ ఏ పేరున్న స్కూలుకూ తీసిపోదు. బ్రాండ్, వినియోగదారుడి ప్రవర్తన, ధరల వ్యూహం అన్నీ ఉన్నాయి. పరీక్షలో మాత్రం "మార్కెటింగ్ నిర్వచనం రాసి, దాని విధులను పేర్కొనుము" అని ఉంది. అక్కడి విద్యార్థి నాలుగేళ్లలో ఒక్క ధర కూడా నిర్ణయించి ఉండడు. పరీక్ష పేపర్ మార్చగలిగితే బోధన దానంతటదే కొంత మారుతుంది. పుస్తకాలు తెరిచి పెట్టుకోనిచ్చి, ఒక చిన్న సంస్థ లెక్కలు ఇచ్చి, "మీరైతే ఈ ఆర్డర్ తీసుకుంటారా?" అని అడిగే పేపర్ పెట్టించండి. ఇది విశ్వవిద్యాలయం లోపల మీరు ఊహించిన దానికన్నా పెద్ద గొడవ అవుతుంది. దిద్దడం కష్టం, టీచర్‌కు తన జవాబు మీద నమ్మకం ఉండాలి, పైగా ఒకే సరైన జవాబు లేదంటే విద్యార్థులు ఫిర్యాదు చేస్తారు. టీచర్ల శిక్షణ ముందు అనడానికి ఇదీ ఒక కారణం.

టీచర్లు: అందర్నీ ఒకే గాటన కట్టొద్దు

పాత విశ్వవిద్యాలయంలో మీకు స్థూలంగా మూడు రకాల వాళ్లు కనిపిస్తారు. గణితం, గణాంకాలు, ప్రణాళికా నమూనాలు చెప్పేవాళ్లు మొదటి రకం. వీళ్లు ఆస్తి. ఉన్న వనరులను గరిష్ఠ ఫలితం వచ్చేలా పంచే గణిత పద్ధతి, లీనియర్ ప్రోగ్రామింగ్‌కు పునాది వేసిన లియోనిద్ కాంటొరోవిచ్ 1930ల చివర్లో లెనిన్‌గ్రాడ్‌లో ఒక ప్లైవుడ్ సంస్థ తెచ్చిన సమస్యతోనే ఆ పని మొదలుపెట్టారు. 1975లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ సంప్రదాయంలో పెరిగిన వాళ్లకు ఆపరేషన్స్, సరఫరా గొలుసు, రిస్కు లెక్కలు నేర్పడానికి ఒక ఏడాది కూడా అక్కర్లేదు. కొన్నిచోట్ల వాళ్ల దగ్గర మనమే నేర్చుకోవాలి.

అకౌంటింగ్ వాళ్లు రెండో రకం. క్రమశిక్షణ ఉంటుంది, పద్దు రాయడం కచ్చితంగా వచ్చు. అయితే వాళ్ల దృష్టిలో లెక్కలు రాసేది రాజ్యం కోసం, పన్ను కోసం. అదే లెక్కను యజమాని కోసం, అప్పిచ్చేవాడి కోసం చదవడం కొత్తగా నేర్పాలి. ఇది కుదురుతుంది, రెండు మూడేళ్లు పడుతుంది. దేశంలో అకౌంటింగ్ ప్రమాణాలు మారకుండా క్లాసులో మాత్రమే మారిస్తే ఏం లాభం అని వాళ్లే అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. చైనాలో సంస్థల అకౌంటింగ్ ప్రమాణాలు 1993లో మారాయి, అంతర్జాతీయ ప్రమాణాలకు దగ్గరగా వచ్చింది 2006లో. చదువు చట్టం కన్నా ఒక అడుగు ముందుండొచ్చు. పది అడుగులు ముందుంటే చదివినవాడికి ఉద్యోగంలో పనికిరాదు.

రాజకీయ అర్థశాస్త్రం లాంటి సిద్ధాంతం చెప్పేవాళ్లు మూడో రకం. వీళ్ల గురించి చెప్పడం ఇబ్బందే. కొందరు అద్భుతంగా మారతారు. ముఖ్యంగా సంస్థల చరిత్ర, కార్మిక సంబంధాలు, సమాజం మీద ఆసక్తి ఉన్నవాళ్లు మంచి కేస్ రచయితలవుతారు (కేస్ అంటే తరగతిలో చర్చించడానికి రాసిన ఒక నిజ సంస్థ కథ). ఎక్కువమంది మారరు. డిపార్ట్‌మెంట్‌లో ఓట్లు ఎక్కువ ఉండేది మాత్రం వీళ్లకే. విడి యూనిట్ కావాలని నేను పట్టుబట్టడానికి సగం కారణం ఇదే.

ఇక శిక్షణ ఎలా అన్నది. అందరికీ మొదట తట్టేది యువ టీచర్లను పీహెచ్‌డీకి విదేశాలకు పంపడం. పంపండి, కానీ వాళ్ల మీద ఆశ పెట్టుకుని కార్యక్రమం అల్లుకోకండి. చాలామంది తిరిగి రారు. తిరిగొచ్చినవాళ్లను రెండేళ్లలో బ్యాంకులూ కన్సల్టింగ్ సంస్థలూ ఎగరేసుకుపోతాయి. బాండ్లు రాయించుకున్న చోట కూడా కొత్త యజమాని బాండు డబ్బు కట్టేసి తీసుకెళ్లడం చూశాను. నాకు ఫలితం కనిపించిన దారులు వేరు.

ఒకటి, ఇప్పటికే పాఠం చెబుతున్నవాళ్లకు కొన్ని వారాల గట్టి శిక్షణ, ఏడాది తర్వాత మళ్లీ పిలిచి రెండో విడత. మధ్య, తూర్పు ఐరోపా బిజినెస్ స్కూళ్లు 1993లో సీమన్ అనే సంఘంగా ఏర్పడి, ఆ తర్వాత మేనేజ్‌మెంట్ టీచర్ల కోసమే ఒక అకాడమీ నడపడం మొదలుపెట్టాయి. ఇది ఆ ప్రాంతం నుంచి అందరూ అరువు తెచ్చుకోవాల్సిన ఆలోచన. ఎందుకంటే అక్కడ చేరినవాడు ఒంటరిగా ఉండడు. తనలాంటి చిక్కుల్లోనే ఉన్న పక్క దేశం టీచర్ పక్క బెంచీలో ఉంటాడు. పాశ్చాత్య క్యాంపస్‌లో దొరకనిది అదే.

రెండోది జంట బోధన. ఒక టీచర్‌నూ, పనిలో ఉన్న ఒక మేనేజర్‌నూ కలిపి ఒకే కోర్సు చెప్పించడం. నేను చూసినవాటిలో బాగా కుదిరిన జంట ఒక ఆపరేషన్స్ గణితం మాస్టారు, ఒక ఫ్యాక్టరీ ప్లానింగ్ విభాగం అధిపతి. మొదటి సెమిస్టర్ అంతా ఒకరి మాట ఒకరు కోస్తూనే గడిపారు. విద్యార్థులకు అంతకన్నా మంచి పాఠం దొరకదు. లెక్క ఎక్కడ ఆగుతుందో, అనుభవం ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో కళ్లముందే చూశారు. దీనికి అడ్డుపడేది డబ్బు కాదు, డిగ్రీ లేనివాడు క్లాసులో ఎలా నిలబడతాడు అనే నిబంధన. దాన్ని ముందే సడలించుకోండి.

జీతం గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. టీచర్‌కు బతకడానికి చాలినంత రాకపోతే నాలుగు చోట్ల పాఠాలు చెబుతాడు. నాలుగు చోట్ల చెప్పేవాడు కేస్ రాయడు, పరీక్ష పేపర్ మార్చడు, ఫ్యాక్టరీకి వెళ్లడు. పోలాండ్‌లో 1990లో ఉన్నత విద్యలో సుమారు 4 లక్షల మంది ఉండేవారు, 2005 నాటికి అది 19 లక్షలు దాటింది. ప్రైవేటు విద్యాసంస్థలు 300 దాటాయి. మేనేజ్‌మెంట్, మార్కెటింగ్ వాటిలో బాగా అమ్ముడుపోయిన సరుకు. ప్రొఫెసర్ల సంఖ్య మాత్రం ఆ వేగంతో పెరగలేదు కదా. అవే పేర్లు అనేక సంస్థల జాబితాల్లో కనిపించేవి, చివరికి ఒకరు ఎన్ని ఉద్యోగాలు చేయొచ్చన్నది చట్టంతో కట్టడి చేయాల్సి వచ్చింది. ఎక్కువమందికి చదువు అందడం మంచిదే, ఆ విస్తరణను నేను చిన్నచూపు చూడను. కానీ మీ విశ్వవిద్యాలయం వాళ్లు "సీట్లు రెట్టింపు చేద్దాం, ఆ ఫీజులతో సంస్కరణ చేద్దాం" అంటే, ఆ వరుసలో మొదటిదే జరుగుతుందని గుర్తుంచుకోండి.

స్థానిక కేసులు లేకుండా కేస్ పద్ధతి వద్దు

అమెరికన్ కంపెనీ కేసుతో చర్చ నడుస్తుంది, బాగానే నడుస్తుంది కూడా. చివర్లో ఎవరో ఒకరు లేచి "మా దగ్గర అలా కుదరదు" అంటారు. ఆ మాటతో రెండు గంటల చర్చా కొట్టుకుపోతుంది. దానికి జవాబు వాళ్ల దేశంలోని సంస్థ కథే.

ఈ సంగతి చైనాలో మొదట్లోనే గుర్తించారు. 1980లో అమెరికా వాణిజ్య శాఖతో కలిసి డాల్యన్‌లో మేనేజర్ల శిక్షణ కేంద్రం మొదలుపెట్టినప్పుడు, వచ్చిన అమెరికన్ ప్రొఫెసర్లు చైనా ఫ్యాక్టరీలకు వెళ్లి కేసులు తయారుచేశారు. అదే డాల్యన్‌లో 1984లో బఫలోలోని న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీతో కలిసి ఎంబీఏ నడిచింది. సంఖ్యలో ఇవి చిన్నవి. అక్కడి నుంచి వచ్చిన అలవాటు మాత్రం చిన్నది కాదు.

కేసులు రాయడంలో అసలు అడ్డంకి గోప్యత. ప్లానింగ్ కాలంలో ఉత్పత్తి అంకెలు కూడా రహస్యమే. మార్కెట్ వచ్చాక భయం రూపం మారింది, పన్ను అధికారి చూస్తాడేమో, పోటీవాడు చూస్తాడేమో, గూండాలు చూస్తారేమో అని. నాకు తెలిసిన ఒక సంస్థ యజమాని ఎంతో ఉత్సాహంగా లెక్కలన్నీ ఇచ్చి, కేసు పూర్తయ్యాక సంతకం దగ్గర వెనక్కి తగ్గాడు. అది ఆయన హక్కు. ఇలాంటివి జరుగుతాయి కాబట్టి కొన్ని జాగ్రత్తలు: మీ స్వల్పకాలిక కోర్సులకు వచ్చిన మేనేజర్ల సంస్థలతో మొదలుపెట్టండి, నమ్మకం అక్కడే ఉంటుంది. సంస్థ పేరు మార్చండి, అంకెలన్నిటినీ ఒకే గుణకంతో మార్చండి, నిష్పత్తులు చెడవు. రాయడం మొదలుపెట్టకముందే ఎవరు సంతకం చేయాలో తేల్చుకోండి. విజయగాథలు వద్దు. సంస్థాధిపతి తన పొగడ్త కోసం ఒప్పుకున్న కేసులో నిర్ణయం ఉండదు, ప్రకటన ఉంటుంది.

క్లాసు నడపడంలో ఒక చిన్న విషయం. డైరెక్టర్‌నూ ఆయన కింద పనిచేసే డిప్యూటీనీ ఒకే గ్రూపులో కూర్చోబెట్టకండి. డైరెక్టర్ మాట్లాడాక ఆ గ్రూపులో చర్చ ముగిసినట్టే. ఇదేమీ ఆ దేశాల ప్రత్యేక జబ్బు కాదు, ఎక్కడైనా ఉన్నదే. కాకపోతే అక్కడ కాస్త ఎక్కువ.

పనిలో ఉన్నవాళ్లు ముందు

ఇరవై రెండేళ్ల పట్టభద్రుడు నిర్ణయాలు తీసుకునే స్థాయికి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. ప్రైవేటీకరణ అంతకాలం ఆగదు. ఈ ఏడాది ఎవరి చేతిలో ఫ్యాక్టరీ ఉందో వాళ్లే దాన్ని నిలబెడతారు, లేదా ముక్కలుగా అమ్మేస్తారు.

రష్యా 1997లో అధ్యక్షుడి ఉత్తర్వుతో మొదలుపెట్టిన మేనేజర్ల శిక్షణ కార్యక్రమంలో నాకు నచ్చింది అంకె కాదు, అంకె పెద్దదే, ఏటా 5,000 మంది దాకా. నచ్చింది ఖర్చు పంచుకున్న తీరు. స్థూలంగా మూడో వంతు కేంద్రం, మూడో వంతు ప్రాంతీయ ప్రభుత్వం, మూడో వంతు మనిషిని పంపిన సంస్థ. స్వదేశంలో చదువు అయ్యాక కొందరికి విదేశీ కంపెనీల్లో ఇంటర్న్‌షిప్. తమ సంస్థకు పనికొచ్చే ప్రాజెక్టు కూడా చేయాలి. సొంత జేబులోంచి వాటా కట్టిన సంస్థ పనికిమాలినవాణ్ణి పంపదు, తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నావని అడుగుతుంది. పూర్తిగా ఉచితంగా ఇచ్చే మేనేజర్ల శిక్షణ దాదాపు ఎప్పుడూ విహారయాత్రగా మారుతుంది. దాత సంస్థలకు ఈ మాట రుచించదు, అయినా చెప్పండి.

చిన్న వ్యాపారాల్ని మరచిపోవద్దు. పోలాండ్‌లో 1989 జనవరి నుంచి అమలైన చట్టం దాదాపు ఏ వ్యాపారమైనా ఎవరైనా పెట్టుకునే స్వేచ్ఛ ఇచ్చింది. వియత్నాంలో 1999 నాటి సంస్థల చట్టం 2000లో అమలయ్యాక రిజిస్ట్రేషన్లు వెల్లువెత్తాయి. కొత్త ఉద్యోగాలు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి, బిజినెస్ స్కూళ్లు మాత్రం పెద్ద కంపెనీల వైపే చూస్తుంటాయి. ఈ చిన్న వ్యాపారులకు ఎంబీఏ అక్కర్లేదు. పన్ను, పద్దు, బ్యాంకు రుణం, ధర కట్టడం, సాయంత్రాలు కొన్ని వారాలు చాలు.

లోపలా, బయటా?

ఇక మీ అసలు ప్రశ్నల్లో మూడోది. కొత్తగా పెట్టినవి బాగా నడిచిన ఉదాహరణలున్నాయి. స్లొవేనియాలో 1986లో మొదలైన బ్లెడ్ స్కూల్, బుడాపెస్ట్‌లో 1988 నాటి ఇంటర్నేషనల్ మేనేజ్‌మెంట్ సెంటర్, కీవ్‌లో 1989 నాటి ఎంఐఎం, అల్మాటీలో 1992 నాటి కిమెప్. షాంఘైలో 1994లో యూరోపియన్ యూనియన్, చైనా ప్రభుత్వం కలిసి పెట్టిన సీబ్స్ ఇప్పుడు ప్రపంచ స్థాయి స్కూలు. దాని వెనుక 1984 నుంచి బీజింగ్‌లో నడిచిన చిన్న కార్యక్రమం ఉంది, మొదట్లో పాఠం చెప్పినవాళ్లలో ఎక్కువమంది విజిటింగ్ ప్రొఫెసర్లే. సొంత టీచర్లను కూడగట్టుకోవడం తర్వాతి మాట. ఆ తర్వాతి మాటను మరచిపోయిన స్కూళ్లు దాత డబ్బుతో పాటే మూతబడ్డాయి. ప్రాజెక్టు మూడేళ్లు, ప్రొఫెసర్ రెండు వారాలు, నాలుగో ఏడాది గదికి తాళం.

పాత సంస్థల్లోనూ మార్పు సాధ్యమే. వార్సా స్కూల్ ఫ్యాకల్టీల మధ్య గోడలు తీసేసి, విద్యార్థే సబ్జెక్టునూ, చెప్పే టీచర్‌నూ ఎంచుకునే ఏర్పాటు చేసింది. ఖాళీ గది ముందు నిలబడిన టీచర్‌కు అంతకన్నా స్పష్టమైన సమీక్ష ఏముంటుంది? చైనాలోని చింగ్‌హువా విశ్వవిద్యాలయం 1984లో మేనేజ్‌మెంట్ స్కూల్ పెట్టినప్పుడు మొదటి డీన్ జూ రోంగ్జీ. ఆయన తర్వాత ప్రధాని అయ్యారు, 2001 దాకా డీన్‌గానూ కొనసాగారు. అలాంటి అండ ఉంటే పాత గోడల మధ్య కూడా కొత్త పని జరుగుతుంది. మీ విశ్వవిద్యాలయానికి అలాంటి అండ ఉందా అన్నది మీరే కనుక్కోవాలి. లేకపోతే విడి యూనిట్ తప్పదు. పూర్తిగా బయటికి వెళ్లమని మాత్రం చెప్పను. డిగ్రీకి గుర్తింపు, లైబ్రరీ, ఆ గణితం టీచర్లు, అన్నీ పాతదాని దగ్గరే ఉన్నాయి.

ఎంబీఏ గురించి ఒక హెచ్చరిక. మార్పు కాలంలో అది చదువు కన్నా పరిచయాల బజారుగా తొందరగా మారుతుంది. అధికారులూ వ్యాపారులూ ఒకే క్లాసులో కూర్చుంటారు, ఎవరి ఫీజు ఎవరు కట్టారో తెలియదు. చైనా చివరికి 2014లో అధికారులూ ప్రభుత్వ సంస్థల అధిపతులూ ఖరీదైన ఈఎంబీఏల (పనిలో ఉన్న పెద్ద మేనేజర్ల ఎంబీఏలు) వంటి కోర్సుల్లో చేరకుండా నిషేధం పెట్టాల్సి వచ్చింది. మార్కుల కోసం లంచం, డబ్బిచ్చి రాయించుకున్న థీసిస్ లాంటివి ఉన్న చోట ఏ సంస్కరణా నిలవదు. దిద్దేవాడికి పేరు కనిపించని జవాబు పత్రం, బయటి పరీక్షకుడు, ఈ రెండూ మొదటి ఏడాదే పెట్టించండి. బిజినెస్ ఎథిక్స్ పేపర్ తర్వాత పెట్టొచ్చు.

ఎంత కాలం?

చైనా 1991లో 9 విశ్వవిద్యాలయాల్లో ఎంబీఏ ప్రయోగం మొదలుపెట్టింది. మొదటి ఏడాది చేరినవాళ్లు వందలోపే. మార్గదర్శక కమిటీ 1994లో, ఉమ్మడి ప్రవేశ పరీక్ష 1997లో, ఈఎంబీఏకు అనుమతి 2002లో వచ్చాయి. అంత పెద్ద దేశం, అంత బలమైన ప్రభుత్వం కూడా పదేళ్లకు పైగా తీసుకుంది. మీకు రెండేళ్ల కాంట్రాక్టు ఇచ్చి ఉంటారు. ఆ రెండేళ్లలో డజను మంది టీచర్లు నమ్మకంగా కేసు చర్చ నడపగలిగితే, పది పదిహేను స్థానిక కేసులు సంతకాలతో సహా చేతిలో ఉంటే, ఒక్క బ్యాచ్ మేనేజర్ల ఫీజు వాళ్ల సంస్థలే కట్టి ఉంటే, మీరు బాగా పనిచేసినట్టే.

వెళ్లగానే సిలబస్ కమిటీ సమావేశానికి పిలుస్తారు, ఏదో ఒకటి చెప్పి వాయిదా వేయించుకోండి. దానికి ముందు మూడు కాగితాలు అడిగి తెప్పించుకోండి: గత రెండేళ్ల పరీక్ష పేపర్లు, ప్రతి టీచర్ వారం మొత్తంలో ఎక్కడెక్కడ పాఠం చెబుతున్నాడో బయటి పనులతో సహా ఒక టైంటేబుల్, మూడేళ్ల క్రితం చదివి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో ఒక జాబితా. రెండోది ఇవ్వడానికి వెనకాడతారు. మూడోది వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు, అప్పుడు ఇద్దరు విద్యార్థులను పెట్టి ఫోన్లు చేయించండి. పరీక్ష పేపర్లు దొరికాక, సంస్థ పేరు తీసేసి ఇక్కడే పెట్టండి, ఏ కోర్సుతో మొదలుపెట్టాలో చూసి చెబుతాను.